ముల్లు తీయకుండా ప్యాచీ వేస్తే



బడికి సైకిలు మీద వెళ్ళిన పిల్లవాడు సాయంత్రం దానిని నడిపించుకుంటూ ఇంటికి వస్తాడు. నిన్ననే పంక్చరు వేయించాము, ఈ రోజు మళ్ళీ గాలి లేదు. "చూసుకుని తొక్కలేవా?" అని గద్దిస్తాము. మూడవసారి చెయ్యి కూడా లేస్తుంది. కాని తప్పు పిల్లవానిదేనా? ఒకే చక్రానికి మాటిమాటికి పంక్చరు పడుతుంటే, కారణం చాలాసార్లు ఆ చక్రంలోనే దాగి ఉంటుంది.

ట్యూబు తీసే ముందు, వాల్వు ఉన్నచోట టైరు మీద సుద్దతో గుర్తు పెట్టండి. ట్యూబుకు గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగలు వచ్చే చోటు చూడండి. తరువాత ట్యూబును గుర్తు ప్రకారం టైరు పక్కన పెడితే, చిల్లికి ఎదురుగా ఏమున్నదో తెలుస్తుంది.

చిల్లి టైరు వైపు ఉంటే తుమ్మముల్లో, పల్లేరుకాయ ముల్లో, గాజుపెంకో కారణం కావచ్చును. ముల్లు పైన విరిగిపోయినా దాని మొన టైరులో ఉండిపోతుంది. టైరు లోపలంతా గుడ్డతో మెల్లగా తుడవండి. గుడ్డ పట్టుకున్న చోట ముల్లు దొరుకుతుంది.

చిల్లి రిమ్ము వైపు ఉంటే స్పోకు కొన పొడుచుకుంటున్నది. దానిని ఆకురాయితో అరగదీసి, రిమ్ము మీద కొత్త పట్టీ వేయాలి. పక్కపక్కన రెండు గాట్లు ఉంటే, తక్కువ గాలితో రాయి ఎక్కించడం వలన ట్యూబు నలిగింది. పాత ప్యాచీ అంచు నుండే బుడగలు వస్తే, సొల్యూషన్ ఆరకముందే అతికించి ఉంటారు. చిల్లి ఎక్కడా లేకపోతే వాల్వు ట్యూబు పాడైందేమో చూడండి.

గాలి టైరుకు 1888లో పేటెంటు పొందిన జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు. ఆయన దానిని మొదట చేసినది తన చిన్న కుమారుని మూడు చక్రాల బండి కోసమే. తండ్రి ప్రేమ నుండి పుట్టిన ఆ వస్తువు మన ఇంట్లో బిడ్డకు దెబ్బలు తెచ్చిపెట్టడం న్యాయమా?

పాపసంకీర్తనంలో "కోపపడ్డాను" అని ప్రతిసారీ చెబుతాము. దేవుని క్షమాపణలో లోపం లేదు. కాని ముల్లును మనలోనే ఉంచుకుని ఇంటికి వస్తాము. ఆ కోపం వెనుక తీరని అప్పు ఉన్నదా? తాగుడు ఉన్నదా? తోబుట్టువుతో మాటలు లేని పగ ఉన్నదా? ఆత్మశోధన అంటే పాపాల లెక్క మాత్రమే కాదు, చిల్లికి ఎదురుగా ఏమున్నదో వెదకడం. దొరికిన దానిని తీసివేయడానికి పూనుకోవడమే నిజమైన పశ్చాత్తాపానికి గుర్తు.

ఈ ఆదివారం పూజ తరువాత పిల్లవానిని పక్కన కూర్చోబెట్టుకుని చక్రం విప్పండి. గుడ్డ వాని చేతికే ఇవ్వండి. ముల్లు దొరికినప్పుడు, "నిన్ను ఊరికే తిట్టాను నాన్నా" అని చెప్పడానికి సిగ్గుపడకండి.