మధుమేహముగల బిడ్డల ఎముకల రక్షణ

మధుమేహమనగానే పెద్దవయసువారు జ్ఞప్తికి వత్తురు. కాని తరచుగా బాల్యమునందే వచ్చు మొదటిరకము మధుమేహము వేరు. ఇందు క్లోమములో ఇన్సులినును తయారుచేయు కణములను శరీరమే నాశనము చేసికొనును. తీపి తినుటవలన ఇది రాదు. తల్లిదండ్రుల దోషము కాదు. 1922లో కెనడాలోని టొరంటో నగరమున తొలిసారి ఒక బాలునికి ఇన్సులిన్ సూది వేయుటకు పూర్వము ఇట్టి బిడ్డలు ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. నేడు సరియైన చికిత్సతో వారు దీర్ఘకాలము జీవింపగలరు. కావున వారి ఎముకలును అంతకాలము గట్టిగా నుండవలెను.

ఎముకలను కట్టు కణములకు ఇన్సులిన్ తోడ్పడును. అది చాలనిచో ఆ పని మందగించును. రక్తములో చక్కెర హెచ్చినచో కాల్షియము మూత్రముతో అధికముగా పోవును, ఎముక పెళుసుబారును. అందుచేతనే ఈ వ్యాధిగలవారికి తుంటియెముక విరుగు ప్రమాదము ఇతరులకంటె అనేకరెట్లు హెచ్చు.

తిన్న కాల్షియము ఒంటబట్టుటకు విటమిన్ డి కావలెను. ఎండ తగిలినపుడు చర్మము దానిని తయారుచేయును. సత్యవేడు ప్రాంతమున ఎండకు కొరతయేమని మనమనుకొందుము. కాని తిరుపతిలోని స్విమ్స్ వైద్యసంస్థకు చెందిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందము ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించినది. గ్రామీణ పురుషులలో నూటికి 44 మందికి, స్త్రీలలో 70 మందికి ఈ విటమిన్ లోపము కనబడినది. వారి ఆహారములో కాల్షియమును తక్కువే. ఆరోగ్యవంతుల స్థితియే ఇట్లుండగా, మధుమేహముగల బిడ్డల విషయమున మరింత శ్రద్ధ వహింపవలదా?

పంచాయతీ సభ్యులు ఇంటింట ఈ విషయములు తెలుపవలెను:

1. ఇన్సులినే ఎముకకు మొదటి కాపు. నాటుమందును నమ్మి సూది మానినచో కొద్దిదినములలోనే ప్రాణాపాయము. విటమిన్ డి ఇన్సులినుకు బదులు కాజాలదు.

2. తిరుపతి ప్రాంతమున చర్మము ఈ విటమినును బాగుగా తయారుచేయునది పగలు 11 గంటలనుండి 2 గంటలవరకు. ఆ వేళ చేతులకు, కాళ్లకు కొద్దిసేపు ఎండ తగులనిండు. వేసవి వడగాడ్పులలో మాత్రము వలదు.

3. పదుమూడేండ్లు నిండిన పిల్లలకు దినమునకు సుమారు 1,000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, రాగులు మంచివి. నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాములు కలవు. మొలకెత్తించి పిండిచేసినచో మరింత ఒంటబట్టును. అయితే సంగటియు, జావయు చక్కెరను పెంచును గనుక, వైద్యుడు చెప్పిన మోతాదుతో సరిచూచుకొని తినవలెను.

4. విటమిన్ డి మాత్రలు పరీక్ష చేయించిన పిమ్మట, వైద్యుడు చెప్పినంతవరకే వాడవలెను. మితిమీరినచో మూత్రపిండములకు హాని.

5. రోగమున్నదని బిడ్డను ఆటలకు దూరము చేయరాదు. పరుగు, గెంతులు ఎముకను బలపరచును. చక్కెర పడిపోయినపుడు ఇచ్చుటకు తీపిపదార్థము మాత్రము ఉపాధ్యాయునివద్ద ఉంచవలెను.

ముప్పది యేండ్లలోపు కూడిన ఎముకబలమే ముసలితనమునకు పెట్టుబడి. మీ గ్రామమున ఇట్టి బిడ్డ యొక్కడైన నున్నచో, వాని సూది తప్పకుండ, పాఠశాలలో వానికి చిన్నచూపు కలుగకుండ చూచుట పంచాయతీకి తగిన పని.