బౌల్డరింగ్: క్షేమముగా పడుట యెట్లు?

గంగానది తెచ్చిన ఒండ్రుమట్టిపై వెలసిన కోల్‌కతా నగరమునకు చేరువలో కొండలు లేవు. ఎక్కుటయందు ఆసక్తి గల వంగ యువజనులు బాంకురా జిల్లాలోని శుశునియా కొండకో, పురూలియా జిల్లాలోని జయచండీ కొండకో పోయి సాధన చేయుట వాడుక. ఇంటిపట్టున సాధన చేయగోరువారికి కృత్రిమముగ కట్టిన గోడలు ఉపకరించును. గోడకు బిగించిన పట్లను పట్టుకొని, త్రాడు లేకుండ ఎక్కెడి ఆటకే బౌల్డరింగ్ అని పేరు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారి చోటు లభించినది.

గోడ ఎత్తు సాధారణముగా 4, 5 మీటర్లకు మించదు. క్రింద దళసరి పరుపు ఉండును. కావున ప్రమాదము లేదని పలువురు తలతురు. ఇది పొరపాటు. త్రాడు కట్టుకొన్నవాడు పట్టు జారినచో త్రాడు ఆపును. ఇచ్చట పట్టు జారిన ప్రతివాడును పరుపు వరకు పడవలసినదే. చీలమండ బెణుకుటయు, మణికట్టు, మోచేయి విరుగుటయు పెక్కుసార్లు ఇట్లే సంభవించును. ఎక్కుట కంటె ముందు పడుట నేర్వవలెను.

పడునపుడు రెండు పాదములును ఒక్కసారిగా పరుపును తాకవలెను. మోకాళ్లు కొంచెము వంచి యుంచి, తాకిన వెంటనే గొంతుకూర్చున్నట్లు క్రుంగి, వీపుపై వెనుకకు దొర్లవలెను. గడ్డమును రొమ్మున కానించి, చేతులు రొమ్ముపై ముడుచుకొనవలెను. పడువాడు చేయి వెనుకకు చాచి నేలను ఆనబోవుట సహజము. దేహభారమంతయు ఆ చేతిపై పడును. ఈ అలవాటు మాటలతో పోదు. మొదట పరుపుపై నిలిచి, పిదప మోకాలెత్తు నుండి, క్రమముగా అభ్యసించినగాని పోదు. పైకి చేరినవారు దుముకక, పట్ల మీదుగా వీలైనంత క్రిందికి దిగివచ్చుట మేలు.

ఎక్కువాని క్రింద ఎవ్వరును నిలువరాదు, కూర్చుండరాదు. పరుపుపై నీళ్లసీసా వంటి వస్తువు లుంచరాదు. పరుపుల నడుమ సందు లేకుండ చూచుకొనవలెను.

కోల్‌కతాలో వేసవియందును, వానకాలమందును గాలిలో తేమ మెండు. అరచేతులు చెమర్చి పట్టు జారును. ముందు చేతులు బట్టతో తుడిచికొని, పిదప మెగ్నీషియము కార్బొనేటు పొడి పలుచగా రాచుకొనవలెను. ఉంగరములు తప్పక తీసివేయవలెను. ఉంగరము పట్టునకు తగుల్కొన్నచో వ్రేలి చర్మము ఒలిచికొని రావచ్చును. వంగ స్త్రీలు వివాహచిహ్నముగ ధరించు శంఖపు గాజులును అపాయకరములే. తీయుటకు మనసొప్పనివారు నేలపై చేయు వ్యాయామముతో తృప్తి చెందుట మంచిది. ఎదుగు పిల్లలకు వ్రేళ్ల కణుపులలో నొప్పి నిలిచియున్నచో, ఆట ఆపి వైద్యునకు చూపవలెను.

పడినవానిని పదిమంది కూడి లేవనెత్తి నిలబెట్టుట మనలో కలదు. మెడ, వీపు నొప్పియన్నను, కాళ్లుచేతులు తిమ్మిరియన్నను వానిని కదల్పక, వైద్యసహాయము వచ్చువరకు పడిన తీరుననే ఉంచవలెను. చీలమండ వాచినచో పిసికించరాదు. గాయపడినవాడు 4 అడుగులు వేయలేకున్నచో ఆనాడే ఎక్స్‌రే తీయించవలెను.