కాంచనమాల

1932లో 'భక్తప్రహ్లాద'తో తెలుగు చిత్రాలకు మాట వచ్చింది. అంతవరకు ప్రజలకు ముఖ్యమైన వినోదాలలో నాటకం ఒకటి. నాటకాలలో స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్త్రీ పాత్రలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావు తెనాలి నాటకరంగంలోనే వెలిగాడు. స్త్రీలు నటించడాన్ని చాలామంది చిన్నచూపు చూసే కాలమది. అటువంటి కాలంలో తెనాలి నుండి వచ్చి, తెలుగువారి మొదటి తారలలో ఒకరుగా పేరు పొందిన నటి కాంచనమాల.

ఆమె 1917 మార్చి 5వ తేదీన తెనాలిలో జన్మించింది. 1935లో చిత్రరంగంలో అడుగుపెట్టింది. 1937లో వచ్చిన 'విప్రనారాయణ'లో దేవదేవి పాత్ర ధరించింది. అప్పటికి నేపథ్యగానం తెలుగు చిత్రాలలో ఇంకా పాదుకొనలేదు. నటీనటులు తమ పాటలు తామే పాడుకోవాలి. అందువల్ల అందం ఒక్కటే ఉంటే చాలదు. గొంతు, స్పష్టమైన ఉచ్చారణ కూడా కావాలి. ఈ మూడూ కాంచనమాలకు ఉన్నాయి.

1938లో 'మాలపిల్ల' విడుదలయింది. గుడిపాటి వెంకటచలం కథకు తాపీ ధర్మారావు మాటలు వ్రాశాడు. 'ప్రజామిత్ర' సంపాదకుడైన గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు. దీనికి రెండేళ్ళ ముందే, 1936లో, తిరువాన్కూరు సంస్థానంలో దేవాలయాల తలుపులు అన్ని కులాల హిందువులకూ తెరిచారు. దేశమంతటా అస్పృశ్యతను గురించి చర్చ జరుగుతున్నది. ఆ చర్చనే రామబ్రహ్మం వెండితెర మీదికి తెచ్చాడు. దళిత యువతి శంపాలతగా కాంచనమాల నటించింది. పూజారి కొడుకు నాగరాజు ఆమెను ప్రేమిస్తాడు. ఆమె చదువుకొని, ఆత్మగౌరవంతో నిలుస్తుంది. పురాణ కథలకు అలవాటుపడిన ప్రేక్షకులకు ఇది కొత్త. ఛాందసులు నిరసించినా చిత్రం విజయం పొందింది. అటువంటి పాత్రను ధరించడానికి ఆ రోజులలో ధైర్యం కావాలి.

అదే సంవత్సరం 'గృహలక్ష్మి'లో సంసారాన్ని కూల్చే నర్తకిగా నటించింది. మరుసటి ఏడు బి.ఎన్.రెడ్డి తొలి చిత్రం 'వందేమాతరం'లో చిత్తూరు నాగయ్య సరసన నాయిక అయింది. 1940లో 'ఇల్లాలు' వచ్చింది. ఒకదానితో ఒకటి పోలిక లేని పాత్రలివి.

1942లో జెమినీ సంస్థ తీసిన 'బాలనాగమ్మ' ఆమె కీర్తికి శిఖరం. మాయలమరాఠీ చెరలో మగ్గిన బాలనాగమ్మ కథ తెలుగు పల్లెలకు కొత్తది కాదు. చిత్రం ఘనవిజయం సాధించింది. కాని దాని నిర్మాణకాలంలోనే ఆమెకు, నిర్మాత ఎస్.ఎస్.వాసన్‌కు మధ్య మనస్పర్థలు వచ్చాయి. ఒప్పందం కారణంగా ఇతర సంస్థల చిత్రాలలో నటించే వీలు ఆమెకు లేకపోయింది. నటన తెలిసిన మనిషి నటనకు దూరమైంది. క్రమంగా ఆమె మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నది. ఏడేళ్ళలో సంపాదించిన కీర్తి చూస్తుండగానే మరుగున పడింది.

ఇరవై ఏళ్ళ తరువాత, 1963లో, నటి లక్ష్మీరాజ్యం తాము నిర్మించిన 'నర్తనశాల'లో ఆమెకు ఒక చిన్న పాత్ర ఇచ్చింది. తరువాత ఆమె తెరపై కనిపించలేదు. 1981 జనవరి 24న మదరాసులో కన్నుమూసింది.

కళాకారుల పని మనకు ఆనందాన్నిస్తుంది. ఆ పని చేసుకొనే స్వేచ్ఛ వారికి ఉండాలి. సంతకం చేసేముందు ఒప్పందాన్ని చదివి తెలుసుకోవాలి. మనసుకు వచ్చిన జబ్బు కూడా జబ్బే; దానిని దాచిపెట్టక చికిత్స చేయించాలి. కాంచనమాల జీవితం మనకు చెప్పే సంగతులివి.

పదాలు - అర్థాలు
పాదుకొను = స్థిరపడు
అస్పృశ్యత = అంటరానితనం
ఛాందసులు = పాత ఆచారాలను పట్టుకొని వేలాడేవారు
మనస్పర్థ = మనసులు కలియకపోవడం

ప్రశ్నలు
1. తొలినాటి నటీనటులకు గొంతు ఎందుకు అవసరమైంది?
2. 'మాలపిల్ల' ప్రేక్షకులకు కొత్తగా తోచడానికి కారణమేమిటి?
3. కాంచనమాల నటనకు దూరం కావడంలో తప్పు ఎవరిదో తేల్చడం సులభమా? మీ అభిప్రాయం వ్రాయండి.
4. తిరుమణి, పావగడ ప్రాంతాల పెద్దలను అడిగి, వారు చిన్నప్పుడు టెంటు సినిమాలో చూసిన ఒక చిత్రం కథను మీ మాటలలో వ్రాయండి.