టైటానియం అతుకు, దాని రంగు



టైటానియం వెల్డింగుకు అసలు శత్రువు గాలి. ట్రాక్టరు ట్రాలీలు, జిన్నింగు మిల్లుల ఫ్రేములు అతికే షెడ్లలో రాడ్డు మీది పూతే కరిగిన ఇనుమును కాపాడుతుంది; కాస్త గాలి సోకినా పని గడిచిపోతుంది. టైటానియం దగ్గర అలా కుదరదు. ఈ లోహం 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గట్టిపడ్డాక కూడా, వేడి సుమారు 430 డిగ్రీలకు దిగేదాకా ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీలుస్తూనే ఉంటుంది. పీల్చింది మడ్డిగా పైకి తేలదు; లోపలే కలిసిపోయి అతుకును పెళుసు చేస్తుంది. ఎంత కొద్దిపాటి ఆక్సిజన్ ఎంత మార్పు తెస్తుందో లోహపు గ్రేడ్లే చెబుతాయి. గ్రేడ్ 1లో ఆక్సిజన్ గరిష్ఠంగా 0.18 శాతం, గ్రేడ్ 2లో 0.25, గ్రేడ్ 4లో 0.40. ఆక్సిజన్ పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది.

తెలుగునాట ఈ లోహానికి పుట్టిల్లు హైదరాబాదు. కంచన్‌బాగ్‌లో టైటానియం లోహాలు తయారుచేసే మిశ్రధాతు నిగమ్, అంటే మిధాని, 1973లో ఏర్పడింది. కేరళలోని చవరలో ఏటా 500 టన్నుల సామర్థ్యంతో నడిచే టైటానియం స్పాంజి కర్మాగారానికి సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన సంస్థ, డీఎంఆర్ఎల్. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ నాలుగో దశ ఇంధన ట్యాంకులు టైటానియం మిశ్రలోహంతో చేసినవే. అయితే ఐటీఐ ముగించి గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు షెడ్లలో ఆర్క్ పని చేసే కుర్రవాడు నేరుగా టైటానియం పనికి దిగకూడదు. ముందు ఆర్గాన్ వెల్డింగులో చెయ్యి కుదరాలి. పాల డెయిరీల స్టెయిన్‌లెస్ పైపుల పని అందుకు మంచి బడి. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి అతికే అలవాటు అక్కడే పడుతుంది.

రెండో మెట్టు శుభ్రత. పత్తి, మిర్చి పండే నేల మీద ఇది తేలిక కాదు. సీజనులో జిన్నింగు మిల్లుల చుట్టూ గాలిలో నూగు తేలుతుంది. కల్లాల నుంచి మిరప దుమ్ము లేస్తుంది. అందువల్ల టైటానియానికి తలుపులు మూసుకునే ప్రత్యేకమైన గది ఉండాలి. ఎండాకాలమైనా అతికేటప్పుడు ఫ్యాను కట్టేయాలి, ఎందుకంటే ఆ గాలి ఆర్గాన్ తెరను చెదరగొడుతుంది. చెమటలోని ఉప్పు లోహానికి హాని చేస్తుంది కనుక శుభ్రం చేసిన అంచును వట్టి చేత్తో ముట్టకూడదు. నూగు రాలని గ్లవ్స్ వేసుకోవాలి. అంచును అసిటోన్‌తో తుడవాలి. క్లోరిన్ ఉన్న ద్రావకాలను దగ్గరికి రానివ్వకూడదు. ఇనుము మీద వాడిన గ్రైండింగు రాయి, బ్రష్షు టైటానియాన్ని తాకకూడదు. దానికంటూ స్టెయిన్‌లెస్ బ్రష్షు విడిగా పెట్టుకోవాలి. టైటానియం రజను సులువుగా అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక కప్పాలి.

మూడోది గ్యాసు. ఆర్గాన్ 99.995 శాతానికి తగ్గని శుద్ధి కలది కావాలి. డీసీ కరెంటులో టార్చి నెగెటివ్‌గా ఉండాలి. టంగ్‌స్టన్‌ను లోహానికి తాకించి ఆర్క్ రాజేయకూడదు. టార్చికి వెడల్పాటి కప్పు, గ్యాస్ లెన్స్ బిగించాలి. దాని వెనుక నడుస్తూ వేడి బీడును, అంటే అతుకు వరసను, కప్పి ఉంచే ట్రెయిలింగ్ షీల్డు, అతుకు వెనుకవైపు విడిగా ఆర్గాన్, ఈ రెండూ తప్పవు. ఫిల్లర్ రాడ్డు వేడి కొన గ్యాసు నీడ దాటి బయటికి వచ్చిందంటే, ఆ కొనను కత్తిరించాకే మళ్ళీ వాడాలి. కొత్తవాళ్ళ పని ఎక్కువగా చెడేది బీడు చివర. ఆర్క్ ఆరగానే టార్చి ఎత్తేస్తారు. చివరి మడుగు ఎర్రగా ఉండగానే గాలి తాకి నీలం తిరుగుతుంది. ఆర్క్ ఆరినా చెయ్యి కదలకూడదు. లోహం చల్లబడేదాకా గ్యాసు పారుతూనే ఉండాలి.

ఇక రంగు. టైటానియం మీద ఏర్పడే ఆక్సైడు పొరకు సొంత రంగు లేదు. పొర పైతలం నుంచి, అడుగు నుంచి తిరిగివచ్చే కాంతి కలిసి రంగుగా కనిపిస్తుంది. పొర మందాన్ని బట్టి ఆ రంగు మారుతుంది. మెరిసే వెండి రంగు ఉంటే రక్షణ బాగున్నట్టు. లేత గడ్డిరంగు, ఆపైన ముదురు గడ్డిరంగు కొద్దిపాటి గాలికి గుర్తులు, సాధారణంగా ఒప్పుకుంటారు. ఊదా, నీలం వచ్చాయంటే రక్షణ చాలలేదు. ఒప్పాలా వద్దా అన్నది ఆ పనికి వర్తించే కోడు తేలుస్తుంది. మట్టి బూడిద రంగు, తెల్లటి పొడి కనిపిస్తే బేరం లేదు, ఆ భాగాన్ని కోసి తీసేయాలి.

రంగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. పొర ఇంకా మందమైతే పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగులు రెండో వరసలో మళ్ళీ వస్తాయి. ఆ పసుపును గడ్డిరంగని పొరబడవచ్చు. బ్రష్షు కొడితే రంగు పోతుంది, లోపలికి చేరిన ఆక్సిజన్ పోదు. అందుకే తుడవకముందే, ముందువైపూ వెనుకవైపూ చూడాలి. రంగు తిరిగిన బీడు మీదే రెండో బీడు వేస్తే ఆ ఆక్సైడు కరిగి లోహంలో కలుస్తుంది. టార్చి గ్యాసులోనే గాలి కలిసి ట్రెయిలింగ్ షీల్డు మాత్రం బాగుంటే, పైన వెండిలా మెరుస్తూ లోపల పెళుసైన అతుకు కూడా రావచ్చు. గుంటూరు యార్డులో కొనేవాడు మిరపకాయ ఎరుపు చూసి ఊరుకోడు, తుంచి లోపల కూడా చూస్తాడు. ఇక్కడ ఆ తుంచి చూడటం వంపు పరీక్ష. గాలి తిన్న అతుకు మంచి లోహం వంగినంత వంగకుండా చిట్లుతుంది. గట్టిదనం కొలిస్తే పక్కనున్న లోహం కంటే బాగా ఎక్కువ చూపుతుంది. పగుళ్ళకు డై పరీక్ష, లోపలి బుడగలకు ఎక్స్‌రే వేరుగా ఉంటాయి.

సాధన చిన్న ముక్కల మీద జరగాలి. మొదట పూర్తి రక్షణతో, తరువాత వెనుక గ్యాసు లేకుండా, ఆపైన టార్చి త్వరగా ఎత్తేసి బీడ్లు వేయాలి. ఒక్కొక్క ముక్క రంగును పగటి వెలుగులో చూసి రాసుకుని, ఆ తరువాత వంచి చూడాలి. ఏ రంగు ఏ లోపం వల్ల వస్తుందో, ఎంత వంపుకు విరుగుతుందో అప్పుడు కంటికి, చేతికి కలిపి తెలుస్తుంది. రోజూ పనికి ముందు పనికిరాని ముక్క మీద ఒక చుక్క కరిగించి చూడాలి. అది వెండి రంగులో ఉంటేనే అసలు పని మొదలుపెట్టాలి. రంగు తిరిగితే పని ఆపి సిలిండరు, గొట్టాలు, జాయింట్లు, కప్పు వరసగా చూడాలి. కారణం దొరక్కుండా రెండో బీడు వేయకూడదు.