పలాస మామ్మ కళ్ల సంగతి

బొబ్బిలి

చి. బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

వారంగా నీ ఎడమకన్ను కింది రెప్ప అదురుతోందని రాశావు. "ఆడపిల్లకి ఎడమకన్నేగా, మంచిదే" అని మీ నాయనమ్మ తేల్చేసింది. అశోకవనంలో సీతమ్మకి అదిరిందీ ఎడమకన్నేనని సాక్ష్యం కూడా తెచ్చింది. నీ భయం వేరని నాకు తెలుసు. పలాస మామ్మకి వచ్చిందే నీకూ వస్తోందేమోనని కదూ?

కాదమ్మా. నిద్ర చాలకపోయినా, కాఫీలు ఎక్కువైనా రెప్పలో నాలుగు కండరపు పోగులు అలా అదురుతాయి, వాటంతటవే ఊరుకుంటాయి. పెందలాడే పడుకో. కొన్ని వారాలైనా తగ్గకపోయినా, కన్ను మూసుకుపోతున్నా, అదురు బుగ్గలోకి దిగినా అప్పుడు చూపించుకో.

మామ్మది బ్లెఫరోస్పాజమ్. కళ్లలో లోపం లేదు. కదలికల్ని నడిపే మెదడు భాగాలు గతి తప్పి, రెండు రెప్పల్నీ బిగించేస్తాయి. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. ఎండా గాలీ తగిలితే మరీను. మామ్మ జీడిపిక్కల పనినుంచి వస్తూ దారిపొడుగునా పాడుకునేది. పాడుతున్నంతసేపూ రెప్పలు విడేవి, ఆపితే మూతపడేవి. ఊళ్లోవాళ్లు మతి చలించిందన్నారు. ఒక డాక్టరైతే బెంగేనని నిద్రమాత్రలు రాసిచ్చాడు! నిజానికి పాడటం, కణతమీద వేలు ఆన్చడం లాంటి ఉపాయాలు ఈ రోగులు చాలామంది సొంతంగా కనిపెట్టుకుంటారు. తెలిసిన డాక్టరుకి జబ్బు ఆనవాలు అక్కడే దొరుకుతుంది.

దీనికి మందు బొట్యులినమ్ విషం. పాడైన డబ్బా తిండిలో పుట్టి మనుషుల్ని చంపేదే. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్ దాన్ని చిటికెడులో చిటికెడుగా వాడి మెల్లకన్ను సరిచేశాడు. 1989లో అమెరికా మెల్లకన్నుకీ, ఈ జబ్బుకీ అనుమతిచ్చింది. ముడతలు పోగొట్టుకునే సినిమావాళ్ల వాడకం ఆ తర్వాతిదే. రెప్పల చుట్టూ సన్నసూదితో ఇస్తారు. కొద్దిరోజుల్లో బిగువు సడలుతుంది, మూడు నెలలు పనిచేస్తుంది. జబ్బు పోదు, మళ్లీ పొడిపించుకోవాలి. ఒక్కోసారి రెప్ప వాలుతుంది, కళ్లు పొడిబారతాయి, అవి తాత్కాలికం.

సంక్రాంతి వెళ్లాక మామ్మ విశాఖ వస్తుంది. స్టేషన్నుంచి హనుమంతవాక ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లు. ఎండకి నల్లకళ్లద్దాలు కొనిపెట్టు. డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నతో అనకు.

మీ తాతయ్య