కలుపుమందుల బాష్పపీడనం: కొలిచే పద్ధతులు, క్షేత్రస్థాయి అన్వయం

ఉపోద్ఘాతం

వరి, మొక్కజొన్న, జొన్న పైర్లలో వెడల్పాకు కలుపు నివారణకు పిచికారీ చేసిన 2,4-డి పొరుగున ఉన్న పత్తి చేనుకు చేరితే, లేత ఆకులు సన్నబడి, చీలి, బెండ ఆకులను పోలిన రూపం పొందుతాయి. పూత, కాయ దెబ్బతింటాయి. ఇటువంటి ఫిర్యాదులను పరిశీలించేటప్పుడు, పిచికారీ చేసిన రోజున గాలి లేదని మందు కొట్టిన రైతు, పైరు మాత్రం పోయిందని పత్తి రైతు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమైన సన్నివేశమే. ఇద్దరి మాటా నిజమయ్యే అవకాశం ఉంది. పిచికారీ సమయంలో తుంపరలు గాలికి కొట్టుకుపోవడం ఒక మార్గం. ఆకులపైన, నేలపైన పడిన మందు తరువాతి గంటల్లో, రోజుల్లో ఆవిరిగా మారి తరలిపోవడం మరొక మార్గం. రెండవ మార్గానికి మూలమైన భౌతిక ధర్మం బాష్పపీడనం.

అమెరికాలో 2017లో డైకాంబాను తట్టుకునే సోయాచిక్కుడు, పత్తి రకాలపై ఆ మందును విస్తృతంగా వాడినప్పుడు, దానిని తట్టుకోలేని సోయాచిక్కుడు సుమారు 36 లక్షల ఎకరాలలో దెబ్బతిన్నట్లు విశ్వవిద్యాలయ కలుపు శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ నష్టంలో తుంపరల పాత్ర ఎంత, ఆవిరి పాత్ర ఎంత అన్నది తీవ్ర వివాదమైంది. కాబట్టి ఒక కలుపుమందు బాష్పపీడనాన్ని ఏ విధంగా కొలుస్తారు, ఆ విలువ క్షేత్రంలో ఎంతవరకు ఉపకరిస్తుంది అన్న విషయాలను వ్యవసాయ శాస్త్ర విద్యార్థులు స్పష్టంగా గ్రహించడం అవసరం.

బాష్పపీడనం – భావన, ప్రమాణాలు

మూసిన పాత్రలో ఒక ద్రవం లేదా ఘనపదార్థం తన ఆవిరితో సమతాస్థితిలో ఉన్నప్పుడు ఆ ఆవిరి కలిగించే పీడనమే ఆ ఉష్ణోగ్రత వద్ద దాని బాష్పపీడనం. దీనికి ప్రమాణం పాస్కల్. కలుపుమందుల విలువలు చాలా స్వల్పం కనుక పాస్కల్‌లో వెయ్యోవంతైన మిల్లీపాస్కల్‌లో చెప్పడం వాడుక. పాత గ్రంథాలలో విలువలు పాదరస మిల్లీమీటర్లలో కనిపిస్తాయి. ఒక మిల్లీమీటరు పాదరసం సుమారు 133.3 పాస్కల్‌లకు సమానం.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని పదార్థాల స్థూల విలువలు ఇవి:

నీరు – సుమారు 3,170 పాస్కల్‌లు
డైక్లోర్వాస్ – సుమారు 2 పాస్కల్‌లు
ట్రైఫ్లురాలిన్ – సుమారు 10 మిల్లీపాస్కల్‌లు
పెండిమిథాలిన్ – సుమారు 2 నుంచి 3 మిల్లీపాస్కల్‌లు
గ్లైఫోసేట్ – సుమారు 0.01 మిల్లీపాస్కల్

నీటికి, గ్లైఫోసేట్‌కు మధ్య వ్యత్యాసం కోట్ల రెట్లలో ఉంది. ఇంత విస్తృతమైన పరిధిని ఒకే పరికరంతో కొలవడం సాధ్యం కాదు. అందుకే అంతర్జాతీయ ఓఈసీడీ పరీక్షా మార్గదర్శకం 104 ఒక్కొక్క పరిధికి అనువైన పద్ధతులను వేరువేరుగా సూచిస్తుంది.

కొలత పద్ధతులు – పరిధులు

బాష్పపీడనం అధికంగా ఉన్న ద్రావణుల వంటి పదార్థాలకు స్థిర పద్ధతి సులభమైనది. పదార్థాన్ని శూన్యం చేసిన పాత్రలో ఉంచి, స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద పీడనమాపకంతో నేరుగా కొలుస్తారు. ఇది సుమారు 10 పాస్కల్‌ల నుంచి లక్ష పాస్కల్‌ల వరకు వర్తిస్తుంది. వివిధ పీడనాల వద్ద మరుగు ఉష్ణోగ్రతను నిర్ణయించే గతిక పద్ధతి కూడా అధిక పీడనాలకే అనువైనది.

కలుపుమందులలో అత్యధికం ఈ పరిధికి చాలా దిగువన ఉంటాయి. వాటికి నిస్సరణ పద్ధతి ఒక మార్గం. సూక్ష్మరంధ్రం గల చిన్న పాత్రలో పదార్థాన్ని ఉంచి, శూన్యంలో ఆ రంధ్రం గుండా కాలక్రమంలో బయటకు పోయిన ద్రవ్యరాశిని తూచి పీడనాన్ని గణిస్తారు. 1909లో క్నుడ్‌సెన్ ప్రతిపాదించిన సూత్రాలు దీనికి ఆధారం. డీడీటీ బాష్పపీడనాన్ని 1947లో బాల్సన్ ఈ కోవకు చెందిన పరికరంతోనే కొలిచారు. సున్నితమైన తూనిక, ఉన్నత శూన్యం దీనికి అవసరం.

వ్యవసాయ రసాయనాలకు ఎక్కువగా ఉపకరించేది వాయు సంతృప్త పద్ధతి. అత్యల్ప విలువల నుంచి సుమారు వెయ్యి పాస్కల్‌ల వరకు ఇది వర్తిస్తుంది. పైగా దీనిని సాధారణ వాతావరణ పీడనం వద్దనే నిర్వహిస్తారు. ఇసుకకు బదులు మట్టిని వాడితే నేలలోని మందు ఆవిరిని కూడా ఇదే అమరికతో కొలవవచ్చు. ఈ కారణాల వల్ల దీనిని కొంత వివరంగా తెలుసుకోవాలి.

వాయు సంతృప్త పద్ధతి

శుద్ధమైన కలుపుమందును సులభంగా ఆవిరయ్యే ద్రావణిలో కరిగించి, శుభ్రపరచిన స్ఫటిక ఇసుకకు లేదా గాజుపూసలకు పట్టిస్తారు. ద్రావణి పూర్తిగా ఆవిరైన తరువాత వాటిని గాజు నాళికలో నింపి, నాళికను స్థిర ఉష్ణోగ్రత తొట్టిలో ఉంచుతారు. తేమలేని నత్రజనిని ముందుగా అదే ఉష్ణోగ్రతకు తెచ్చి, నాళిక గుండా నెమ్మదిగా పంపుతారు. నత్రజని ప్రయాణంలో మందు ఆవిరితో సంతృప్తమై బయటకు వస్తుంది. ఆ ఆవిరిని పాలీయురిథేన్ నురుగు లేదా తగిన అధిశోషక రెసిన్ నింపిన ఉచ్చులో పట్టి, ద్రావణితో వెలికితీసి, గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా పరిమాణాన్ని నిర్ణయిస్తారు. ప్రవహించిన మొత్తం వాయువు ఘనపరిమాణాన్ని ప్రవాహమాపకంతో లెక్కిస్తారు.

ఆదర్శ వాయు సమీకరణం ఆధారంగా గణన ఈ విధంగా ఉంటుంది:

బాష్పపీడనం = (సేకరించిన ద్రవ్యరాశి ÷ వాయువు ఘనపరిమాణం) × (వాయు స్థిరాంకం × పరమ ఉష్ణోగ్రత ÷ అణుభారం)

ఉదాహరణకు, 25 డిగ్రీల వద్ద 100 లీటర్ల నత్రజనిని పంపినప్పుడు ఉచ్చులో 128 మైక్రోగ్రాముల ట్రైఫ్లురాలిన్ లభించిందనుకుందాం. 100 లీటర్లు అంటే 0.1 ఘనమీటరు. కాబట్టి బాష్పసాంద్రత ఘనమీటరుకు 0.00128 గ్రాము. వాయు స్థిరాంకం 8.314, పరమ ఉష్ణోగ్రత 298.15 కెల్విన్, అణుభారం 335.3 అయినందున రెండవ భాగం విలువ 7.393. ఈ రెండింటి లబ్ధం 0.00946 పాస్కల్, అనగా సుమారు 9.5 మిల్లీపాస్కల్‌లు.

దోషాలకు ఆస్కారం ఉన్న చోట్లు

పై గణన సులభమే. కష్టమంతా గణనలోకి వెళ్లే రెండు సంఖ్యలు నిజమైనవని నిర్ధారించుకోవడంలో ఉంది.

మొదటిది, సంతృప్తత. వాయువు వేగంగా పోతే పూర్తిగా సంతృప్తం కాదు, విలువ తక్కువగా వస్తుంది. అందుకే కనీసం రెండు వేర్వేరు ప్రవాహ వేగాల వద్ద కొలిచి, ఫలితం మారడం లేదని నిరూపించాలి. రెండవది, ఉచ్చు సామర్థ్యం. వరుసగా రెండు ఉచ్చులను అమర్చి, రెండవ దానిలో మందు కనిపించనప్పుడే మొదటిది ఆవిరిని పూర్తిగా పట్టిందని భావించాలి. మూడవది, నాళికకు, ఉచ్చుకు మధ్యనున్న గొట్టం చల్లబడితే ఆవిరి అక్కడే ఘనీభవిస్తుంది. కనుక ఆ గొట్టాన్ని కూడా కడిగి, వచ్చిన పరిమాణాన్ని లెక్కలో కలపాలి.

నాలుగవది, నమూనా శుద్ధత. సులభంగా ఆవిరయ్యే మలినం ఏ కొద్దిగా ఉన్నా, మొత్తం పీడనాన్ని కొలిచే స్థిర పద్ధతిలో అది అసలు విలువను మరుగుపరుస్తుంది. వాయు సంతృప్త పద్ధతిలో మందును మాత్రమే ప్రత్యేకంగా గుర్తించి కొలుస్తారు కనుక ఈ ముప్పు తక్కువ. మార్కెట్‌లో దొరికే తయారీ మందును ఈ పరీక్షలకు వాడరాదు. సీసా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన చాలావరకు ద్రావణిది. వాసనను బట్టి మందు ఆవిరయ్యే గుణాన్ని అంచనా వేయడం సరికాదు.

ఇన్ని జాగ్రత్తలు అవసరమైన కొలత కనుకనే ప్రచురిత విలువలలో తేడాలు కనిపిస్తాయి. ట్రైఫ్లురాలిన్‌కే 25 డిగ్రీల వద్ద వివిధ గ్రంథాలలో సుమారు 6 నుంచి 15 మిల్లీపాస్కల్‌ల వరకు విలువలు ఉన్నాయి. రెండు మందులను పోల్చేటప్పుడు రెండింతల తేడాకు ప్రాధాన్యం ఇవ్వనవసరం లేదు. పదింతలు, వందింతల తేడా మాత్రం నిర్ణయాత్మకమైనది.

ఉష్ణోగ్రత ప్రభావం

ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ బాష్పపీడనం సరళరేఖలో కాక ఘాతీయంగా పెరుగుతుంది. పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా బాష్పపీడనపు సంవర్గమానాన్ని గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి బాష్పీభవనోష్ణాన్ని గణించవచ్చు. ఈ కారణంగా మూడు లేదా అంతకు మించిన ఉష్ణోగ్రతల వద్ద కొలవడం మంచిది.

బాష్పీభవనోష్ణం మోల్‌కు 80 కిలోజౌళ్లు అనుకుంటే, ఉష్ణోగ్రత 25 నుంచి 40 డిగ్రీలకు పెరిగినప్పుడు బాష్పపీడనం సుమారు 4.7 రెట్లు అవుతుంది. అనగా 9.5 మిల్లీపాస్కల్‌లు సుమారు 45కు చేరతాయి. తెలుగు రాష్ట్రాలలో వేసవిలో ఖాళీ నేల ఉపరితలం 50 డిగ్రీలు కూడా దాటుతుంది. ఇక్కడ ఒక మెలకువ అవసరం. ఘనస్థితికి, ద్రవస్థితికి రేఖ వాలు వేరు. ట్రైఫ్లురాలిన్ సుమారు 49 డిగ్రీల వద్ద కరుగుతుంది. కాబట్టి ఘనస్థితిలో కొలిచిన రేఖను ఆ పైకి యథాతథంగా పొడిగించరాదు.

నేల తేమ – బాష్పపీడనం ఒక్కటే చాలదు

నాళికలోని ఇసుక పైన మందు తన సహజ బాష్పపీడనాన్ని చూపుతుంది. నేలలో అలా జరగదు. బంకమట్టి, సేంద్రియ పదార్థం మందును అధిశోషించి ఆవిరి సాంద్రతను తగ్గిస్తాయి. కాలిఫోర్నియాలో స్పెన్సర్, క్లయత్ తదితరులు 1969లో డీల్డ్రిన్‌పై జరిపిన ప్రయోగాలు దీనిని స్పష్టం చేశాయి. మట్టికణాల పైన ఉన్న నీరు దాదాపు ఒక అణుపొర మందానికి తగ్గినప్పుడు మందు ఆవిరి సాంద్రత ఒక్కసారిగా పడిపోతుంది. అధిశోషణ స్థానాల కోసం నీరు, మందు పోటీపడడమే ఇందుకు కారణం. నేల తడిసినప్పుడు నీరు మందును తొలగించి ఆ స్థానాలను ఆక్రమిస్తుంది, ఆవిరి నష్టం తిరిగి పెరుగుతుంది.

దీనినుంచి క్షేత్రంలో ఒక చిక్కు ఎదురవుతుంది. విత్తిన వెంటనే వాడే మందులు పనిచేయాలంటే నేలలో తేమ ఉండాలి, ఆ తేమే ఆవిరి నష్టానికి కూడా దోహదం చేస్తుంది. పొడినేల పైన చల్లడం దీనికి పరిష్కారం కాదు. మందు కలుపు విత్తనానికి అందదు, తరువాతి వానకు ఆవిరి నష్టం మొదలవుతుంది. మందును ఉపరితలం నుంచి కిందికి చేర్చడమే సరైన మార్గం. ఫ్లూక్లోరాలిన్, ట్రైఫ్లురాలిన్ వంటి మందులను విత్తే ముందు చల్లి వెంటనే మట్టిలో కలియదున్నమని సిఫారసు చేయడానికి ఇదే కారణం. మట్టిలో కలిసిన మందు ఆవిరి రంధ్రాల గుండా పైకి వ్యాపించవలసి ఉంటుంది కనుక నష్టం బాగా తగ్గుతుంది. భారతదేశంలో గోధుమలో తప్ప ట్రైఫ్లురాలిన్ వాడకాన్ని 2018లో నిషేధించినా, ఈ సూత్రాన్ని బోధించడానికి అది నేటికీ మంచి ఉదాహరణ. బాష్పపీడనం కొంత తక్కువైన పెండిమిథాలిన్‌ను కలియదున్నకుండానే తడినేలపై వాడుతున్నప్పటికీ, ఎండ తీవ్రత తగ్గిన వేళ పిచికారీ చేయడం మేలు.

విస్తరణ కృషిలో అన్వయం

మందు పేరొక్కటే కాక దాని రసాయన రూపాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. 2,4-డి మన దేశంలో సోడియం లవణంగా, అమైన్ లవణంగా, ఇథైల్ ఈస్టర్‌గా లభిస్తుంది. లవణాల కన్నా పొట్టి గొలుసు ఈస్టర్లు అనేక రెట్లు ఎక్కువగా ఆవిరవుతాయి. పరిసరాలలో పత్తి ఉన్నచోట ఈస్టర్ రూపాన్ని సిఫారసు చేయరాదు. ఏ రూపమైనా తుంపరల ప్రమాదం మాత్రం ఉంటుందని, లవణం వాడినంత మాత్రాన పొరుగు పత్తికి భరోసా లేదని కూడా చెప్పాలి.

నష్టాన్ని పరిశీలించేటప్పుడు లక్షణాల విస్తరణను గమనించాలి. తుంపరల వల్ల కలిగిన నష్టం గాలి వీచిన దిశలో, పిచికారీ చేసిన గట్టు పక్క తీవ్రంగా ఉండి, దూరం పెరిగేకొద్దీ త్వరగా తగ్గుతుంది. ఆవిరి వల్ల కలిగిన నష్టం స్పష్టమైన అంచు లేకుండా, ఎక్కువ విస్తీర్ణంలో కనిపిస్తుంది. పిచికారీ నాటి గాలితో పాటు ఆ తరువాతి రెండు, మూడు రోజుల ఉష్ణోగ్రత, గాలి దిశ, వర్షపాత వివరాలను కూడా నమోదు చేయాలి. పిచికారీ రోజు వివరాలతోనే నిర్ణయానికి వస్తే ఇద్దరిలో ఒక రైతుకు అన్యాయం జరగవచ్చు.

ముగింపు

బాష్పపీడనపు విలువను ఉదహరించేటప్పుడు ఉష్ణోగ్రత, కొలిచిన పద్ధతి, పదార్థపు రసాయన రూపం, శుద్ధత అనే నాలుగు వివరాలు తప్పక జతచేయాలి. ఇవి లేని విలువ పోలికకు పనికిరాదు. ఈ వివరాలతో కూడిన విలువ కూడా మందు ఆవిరయ్యే సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. అందులో ఎంత వాస్తవంగా ఆవిరవుతుందన్నది నేల తేమ, అధిశోషణ, ఉష్ణోగ్రత, మందును మట్టిలో చేర్చిన లోతు నిర్ణయిస్తాయి. ప్రయోగశాల విలువను ఈ నాలుగు అంశాలతో కలిపి చదివినప్పుడే పొరుగు చేనుకు ముప్పు లేని సిఫారసు సాధ్యమవుతుంది.