పంటల పండుగ: పని యెవరిది, ఫలమెవరిది?
(పంచాయతీ సభ్యులకు పాఠము)

గ్రామములలో వ్యవసాయ ప్రదర్శనములు, రైతు సంతలు, పంటల పండుగలు జరుగుట క్రొత్త గాదు. అయినను అట్టి సంబరము ముగిసిన మరునాడు పంచాయతీ సభ్యులు తమలో తాము వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. వేదికపై కూర్చున్నవారికి నీడ దొరకినది. ధాన్యము తెచ్చిన రైతునకు దొరకినదా? ఎందరు వచ్చిరో చెప్పుట సులభము. ఇంటికి మరలునప్పుడు రైతు చేతిలో ఏమున్నదో చెప్పుట కష్టము. ఈ రెండవ లెక్కయే నిజమైన లెక్క. దానిని సరిగా తేల్చుటకు ఎట్టి పని అవసరమో ఈ పాఠమున తెలిసికొందము.

1. శ్రీనికేతనము చూపిన త్రోవ

బెంగాలులోని బీర్భూము జిల్లాలో, శాంతినికేతనమునకు సమీపమున సురుల్ అను గ్రామము కలదు. అచ్చటి పాత భవంతిని, దాని భూమిని రవీంద్రనాథ ఠాగూరు 1912లో కొనెను. 1922 ఫిబ్రవరి 6వ తేదీన ఆ క్షేత్రమున గ్రామ పునర్నిర్మాణ కార్యము ప్రారంభమయ్యెను. అదియే శ్రీనికేతనము. ఇంగ్లండు నుండి వచ్చిన లెనార్డ్ ఎల్మహర్స్ట్ దానికి మొదటి డైరెక్టరు. కాళీమోహన ఘోషు మొదలగువారు ఆయనకు తోడుగా నిలిచిరి. వారు చుట్టుప్రక్కల పల్లెలకు పోయి, మలేరియా, సారము తగ్గిన నేల, చితికిన చేతిపనులు అను కష్టములను కన్నులార చూచి పని మొదలుపెట్టిరి.

ఆ క్షేత్రమున ఉత్సవము పనికి అలంకారము గాదు, పనిలో భాగము. ఏటేట ఫిబ్రవరిలో సంస్థ వార్షికోత్సవముతో పాటు మేళా జరుగును. పల్లెల పంటలు, చేతిపనులు అందు ప్రదర్శింపబడును. వానకాలమున హలకర్షణము అను నాగలి పండుగను ఠాగూరు ఏర్పరచెను. ఎద్దులను అలంకరించి, నాగలిని పూజ్యస్థానమున నిలిపి, భూమిని దున్నుదురు. చిత్రకారుడు నందలాల్ బోసు ఈ దృశ్యమును అచ్చటి గోడపై చిత్రించెను. సభలో మొదటి గౌరవము నాగలిదే యని ఆ యేర్పాటే చాటుచున్నది.

ఎల్మహర్స్ట్ దంపతులు 1925లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమున డార్టింగ్టన్ ఎస్టేటును కొని, వ్యవసాయమును, చేతిపనులను, కళలను ఒక్కచోట పెంపొందించుటకు పూనుకొనిరి. ఈనాడు ఆ దేశమున పెక్కు వ్యవసాయ ఎస్టేటులలో విందులు, సంతలు, పాఠములు ఏర్పాటు చేయుటకు ప్రత్యేకముగా జీతగాండ్రు ఉందురు. రైతునకు, వంటవానికి, వచ్చినవారికి నడుమ పొత్తు కుదుర్చుట వారి ఉద్యోగము. మన గ్రామములలో అట్టి ఉద్యోగి లేడు. కావున ఆ భారము పంచాయతీపై పడుచున్నది.

ఇది అనధికారమైన పనియు గాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముతో చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. వ్యవసాయము అందు మొదటిది. సంతలు, తిరునాళ్లు ఇరువది రెండవది.

2. నెల ముందే చేయవలసిన పని

తేదీని అతిథి తీరికను బట్టి గాక, పంటను బట్టి నిర్ణయింపవలెను. కోతలు ముమ్మరముగా ఉన్న దినమున రైతు రాలేడు. పంట చేతికి రాకముందు జరిపినచో అమ్ముటకు ఏమియు ఉండదు. ఎవరు ఏ సరకు, ఎంత తెత్తురో వాడవాడకు పోయి వ్రాసికొనవలెను. కౌలుదారులను, చిన్న కమతముల స్త్రీలను మరువరాదు. కొనువారిని గూడ ముందే వెదకవలెను. సమీపమునందలి వసతి గృహములవారితోను, భోజనశాలలవారితోను మాట్లాడియుంచినచో, సాయంకాలమునకు మిగిలిన కూరగాయలు రైతు చేతిలో వాడిపోవు.

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు జరుపు పాత పంటల జాతర ఇందుకు మంచి ఉదాహరణము. చిరుధాన్యములు, పప్పుధాన్యములు మొదలగు విత్తనములతో అలంకరించిన ఎడ్లబండ్లు సంక్రాంతి వేళ బయలుదేరి ఊరూర తిరుగును. రైతు జాతరకు పోవుట గాక, జాతరయే రైతు ముంగిటికి వచ్చును.

3. నీడ, నీరు, భోజనము

పందిరి వేయునప్పుడు అంగళ్లపై మొదట, వేదికపై తరువాత వేయవలెను. అంగడి స్థలములను చీట్లు వేసి పంచినచో పలుకుబడి గలవాడు ద్వారము కడ, లేనివాడు మూలను కూర్చుండు అన్యాయము తప్పును.

త్రాగునీరు మనిషికి 5 లీటర్ల చొప్పున లెక్కించినచో 1000 మందికి 5000 లీటర్లు కావలెను. తేటనీటికి 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి వాడుదురు. కావున 5000 లీటర్లకు 12.5 గ్రాములు పట్టును. పొడిని కొద్దినీటిలో కలిపి, పైకి తేరిన ద్రవమును తొట్టిలో పోసి, గంటసేపు ఉంచవలెను. ఆరోగ్య సిబ్బంది క్లోరిను పరీక్ష చేసిన పిమ్మటనే పంచవలెను.

పండుగ భోజనము తిన్నవారు మరునాడు ఆసుపత్రి పాలయినచో ఆ గ్రామము పేరు చెడును. ఆ గ్రామపు సరకును కొనువారు వెనుదీయుదురు. 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ వండిన పదార్థములలో క్రిములు వేగముగా పెరుగును. అందుచే అన్నము, కూర వేడివేడిగా ఉండగానే వడ్డింపవలెను. వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట చల్లారనీయరాదు. ఒక్కసారిగా వండుటకంటె విడతలుగా వండుట మేలు. చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు తప్పనిసరి. తినుబండారములు అమ్మువారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేసికొనిరో లేదో ముందే విచారింపవలెను.

4. కాటా, జమాఖర్చు

తూనికలో మోసము జరిగినచో పండుగపై నమ్మకము పోవును. ప్రభుత్వ ముద్ర గల కాటాను అందరికి కనబడునట్లు నడుమ నుంచి, ఎవరైనను తమ సరకును మరల తూచుకొను వీలు కల్పింపవలెను. పందిరి, నీరు, వంట, పారిశుద్ధ్యము, లెక్కలు అను అయిదు పనులను అయిదుగురికి పేరు పేరున అప్పగింపవలెను. అందరిదీ అన్న పని ఎవరిదీ కాక మిగిలిపోవును.

మరునాడు విస్తరాకులు, కూర తుక్కు కంపోస్టు గుంటకు చేరవలెను. వారము లోపల పంచాయతీ కార్యాలయము ముందు జమాఖర్చు వ్రాసి పెట్టవలెను. ఏ రైతు ఎంత తెచ్చెను, ఎంత అమ్మెను, ఎంత మిగిలెను అనునవి అందుండవలెను. సరకు మిగిలినచో అది రైతు తప్పని త్రోసివేయక, కారణమును వెదకి వచ్చు ఏటి తీర్మానమున దిద్దుకొనవలెను.

దండలు సాయంకాలమునకే వాడును. కొనువాడు మరుసటి వారము మరల రైతును వెదకికొని వచ్చినచో, ఆ పండుగ ఇంకను జరుగుచున్నట్లే.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున గత ప్రదర్శనమునకు అయిన ఖర్చులో వేదికకు ఎంత, అంగళ్లకు ఎంత?
2. ఏ వాడ రైతులు అందు పాల్గొనలేదు? ఏల?
3. మన పంటలలో ఏది చేతికి వచ్చు కాలము పండుగకు అనువైనది?
4. పైని అయిదు పనులకు అయిదు పేర్లు ఈనాడే వ్రాయగలమా?